పిలిస్తే పలికినవాడు

ఇరవై ఆరేళ్ళు నేను చేసిన ఉద్యోగం ఒక్కటే, నిద్రపోయేవాళ్ళను లేపడం. లోకో షెడ్డులో దాన్ని కాల్‌బాయ్ పని అంటారు. మీసం నెరిసినా, పళ్ళు ఊడినా, మనవళ్ళు పుట్టినా మునియప్ప కాల్‌బాయే. బండి బయల్దేరే వేళకు రెండు గంటల ముందు డ్రైవర్ ఇంటికో ఫైర్‌మన్ ఇంటికో పోయి, మనిషిని లేపి, కాల్‌బుక్కులో సంతకం పెట్టించుకుని రావాలి. వినేవాళ్ళకు ఇదీ ఒక పనేనా అనిపిస్తుంది. కానీ నేను లేపకపోతే ఇంజను కదలదు, ఇంజను కదలకపోతే ఆఫీసర్ల కుర్చీలు కదులుతాయి. ఆ గర్వం నాకు ఒంటినిండా ఉండేది.

తలుపు తట్టడం నా పద్ధతి కాదు. తలుపు తడితే పసిపిల్లలు లేస్తారు, పక్కింటివాళ్ళు తిడతారు. కిటికీ దగ్గర నిలబడి పేరు పిలిచేవాణ్ణి. పేరు చివర కొంచెం సాగదీసి, వెంటనే బండి నంబరు చెప్పేవాణ్ణి. లోపలినుంచి "లేసినా" అని ఆ మనిషే పలకాలి. పెళ్ళాం పలికితే ఒప్పుకునేవాణ్ణి కాదు. కొత్తలో ఆడవాళ్ళు "లేసినాడు, నువ్వు పోన్నా" అంటే నమ్మి రెండుసార్లు మోసపోయాను. నేను సందు మలుపు తిరిగేసరికి మొగుడు మళ్ళీ ముసుగుతన్నాడు, గూడ్సు గంటసేపు ఆగింది, మెమో నాకు వచ్చింది. ఆ తర్వాత మనిషి గొంతు నా చెవిన పడేదాకా అక్కడినుంచి అడుగు తీయలేదు. ఏళ్ళు గడిచేకొద్దీ షెడ్డులో మనుషులకు అదెంత అలవాటైపోయిందంటే, ద్వారకనాథ్ అనే డ్రైవరు ఒకసారి అత్తగారింట్లో అన్నం తింటూ, వీధిలో నేను ఎవరినో పిలిస్తే ఎంగిలిచేత్తో లేచి నిలబడి "లేసినా" అన్నాడట. దాన్ని చెప్పుకుని షెడ్డంతా నెల్లాళ్ళు నవ్వారు.

అంతకుముందు, యుద్ధకాలంలో, నాలుగేళ్ళు పటాలంలో ఉన్నాను. ఇరాకులోని బస్రాలో, సైన్యపు రైల్వే కంపెనీ. తిరిగొచ్చాక ఆ పటాలం కాగితమే నాకు ఈ ఉద్యోగం ఇప్పించింది. రెండు పతకాలు, ఒక ఖాకీ కోటు, ఆర్డరంటే ఆర్డరే అన్న మాట. యుద్ధం నుంచి నేను తెచ్చుకున్న ఆస్తి అంతే.

డెబ్భై రెండులో రిటైరయ్యాను. తిరుత్తణిలో కొండకింద మాకు ఒక చిన్న ఇల్లుంది. నా భార్య అలిమేలమ్మ హోటళ్ళకు అప్పళాలు ఒత్తి ఇచ్చేది. ఇద్దరు ఆడపిల్లలు అత్తగారిళ్ళకు పోయారు. చివరివాడు జయరామన్‌ను, తెలిసిన ఆఫీసర్లందరి కాళ్ళూ పట్టుకుని, నా షెడ్డులోనే ఇంజన్లు తుడిచే క్లీనరుగా పెట్టించాను. నాకు మాత్రం పనిలేదు. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేది. లేపడానికి ఎవరూ లేరు. అలిమేలమ్మను లేపితే తిట్టేది. రెండేళ్ళపాటు నన్ను ఎవరూ ఏదీ అడగలేదు, దారి కూడా.

డెబ్భై నాలుగు మే నెలలో దేశమంతా రైల్వే సమ్మె వచ్చింది. మా వైపు కత్తిరి అనే అగ్ని నక్షత్రం రోజులవి, అలిమేలమ్మ మిద్దెమీద ఆరబోసిన అప్పళాలు గంటలో ఎండిపోతున్నాయి. సమ్మెకు ముందురోజు జయరామన్ సంచిలో రెండు చొక్కాలు పెట్టుకుంటుంటే చూశాను.

"యాడికిరా?" అన్నాను.

"పొన్నేరికి. పిన్నమ్మ ఇంట్లో ఉంటా. క్వార్టర్సులో ఉండేవాళ్ళను పట్టుకోని పోతా ఉండారంట నాయనా."

"క్లీనరు వేల దొరికి ఎనిమిది నెల్లు కాలేదు. ఇంకా టెంపరరీ. నువ్వు సమ్మె చేసేవాడివా?"

"అందరూ చేస్తా ఉంటే నేనొకణ్ణి షెడ్డులో యాడ దాక్కొనేది?"

"పటాలంలో అయితే ఇట్లాంటోళ్ళను కాల్చి పారేస్తారు."

"ఇది పటాలం కాదు గదా నాయనా" అన్నాడు జయరామన్. మర్యాదగానే అన్నాడు. చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

సమ్మె మొదలైన మూడోరోజు మా వీధిలోకి జీపు వచ్చింది. షెడ్డు ఆఫీసరు తానే దిగాడు. ఆయన తమిళాయన. "ఎప్పిడి ఇరుక్కీంగ పెరియవరే" అన్నాడు. ఎట్లా ఉన్నారు పెద్దాయనా అని! ఇరవై ఆరేళ్ళు బాయ్ అని పిలిచిన షెడ్డు, మా ఇంటి గుమ్మంలోకి వచ్చి పెద్దాయనా అంటోంది. నాకు ఆ ఒక్క మాటకే సగం మత్తెక్కింది. తక్కిన సగం ఆయన కూర్చున్నాక ఎక్కింది.

"నడిపేవాళ్ళు లేక ఇంజన్లు చల్లబడిపోయి ఉన్నాయి. బియ్యం బండ్లు, బొగ్గు బండ్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఇది యుద్ధంలాంటిదే. మిలిటరీ మనిషివి, నీకు నేను చెప్పాలా?" అన్నాడు. రిటైరైనవాళ్ళను తాత్కాలికంగా తీసుకుంటున్నారట. నేను కాల్‌బుక్కు పట్టుకుని పోయి మనుషుల్ని డ్యూటీకి పిలిస్తే చాలు. వస్తే సంతకం, రాకపోతే రాలేదని రాసుకోవడం. అంతకుమించి నాకు పనిలేదు. చెప్పి చెప్పి, లేవబోతూ అసలు మాట అన్నాడు. "మీ వాడి పేరు లిస్టులో ఉంది. టెంపరరీవాళ్ళను ముందు తీసేస్తారు. నువ్వు వస్తే ఆ పేరు సంగతి నేను చూసుకుంటాను."

ఆయన పోయాక నేను ఇనప్పెట్టె తెరిచి ఖాకీ కోటు తీశాను. అలిమేలమ్మ పిండిచేతులతో వచ్చి నిలబడింది.

"వాడేమో వద్దని పాయ. నువ్వేమో రమ్మంటే పోతా ఉండావా? ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి."

"వాడికోసమే గదా పొయ్యేది. వాడి వేల నిలబడాల."

"వాడికోసమా, ఈ కోటుకోసమా?"

కోటు పొట్టదగ్గర పట్టలేదు, బొత్తాలు పెట్టకుండానే వేసుకున్నాను.

మొదటిరోజు రైల్వే కాలనీకి పోయాను. నలభై ఇళ్ళు. వేపచెట్లకింద ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. మగ పురుగు లేదు. నేను అలవాటు ప్రకారం ప్రతి కిటికీ దగ్గరా నిలబడి, పేరు సాగదీసి, బండి నంబరు చెప్పి పిలిచాను. లోపలినుంచి ఎవరూ పలకలేదు. నాలుగో ఇంటి దగ్గర ద్వారకనాథ్ భార్య కుప్పమ్మ చీపురుతో బయటికి వచ్చింది.

"ఏం మునియప్పన్నా, ఆడోళ్ళను లేపేదానికి వచ్చినావా? చెప్పు, ఏ బండి? నేను ఇంజను తోల్తా, ఈ రుక్మిణమ్మ బొగ్గు ఏస్తాది."

చెట్లకింద ఉన్నవాళ్ళంతా పగలబడి నవ్వారు. ఎవరో "కోటు బాగుంది తాతా" అన్నారు. నేను తలొంచుకుని నలభై ఇళ్ళూ తిరిగాను. కాల్‌బుక్కులో నలభై పేర్ల పక్కన లేరు, లేరు అని రాసుకుంటూ పోతే పెన్సిలు అరిగిపోయింది. నాకు కోపం వచ్చింది. సమ్మె న్యాయమా అన్యాయమా అని ఆ కోపం కాదు. నేను పిలిస్తే పలకలేదని కోపం.

మర్నాడు ఆఫీసరు గదిలో నలుగురైదుగురు ఉన్నారు. అందులో ఒక పోలీసు ఇన్‌స్పెక్టరు. "క్వార్టర్సులో లేరు సరే, మరి ఎక్కడున్నట్టు?" అని ఆఫీసరు అందరినీ అడిగాడు. ఎవరికీ తెలియదు. రికార్డుల్లో సొంతూళ్ళు మాత్రమే ఉన్నాయి, అక్కడ ఎప్పుడో వెతికేశారు.

"నాకు తెలుసు సార్" అన్నాను.

ఆ మాట అనడానికి నాకెంత హుషారో! ఇప్పుడు తలుచుకుంటే నాలుక కోసుకోవాలనిపిస్తుంది. ఎవడికి అత్తగారిల్లు ఏ ఊళ్ళో, ఎవడు పండగకు ఎక్కడికి పోతాడు, ఎవడి మేనమామ ఎక్కడ, నాకు తెలియనిది ఏముంది? సెలవులో ఉన్నవాణ్ణి అర్జంటుగా పిలవాల్సి వస్తే నేనే కదా ఆ ఊళ్ళన్నీ తిరిగింది. ఇన్‌స్పెక్టరు కుర్చీ నాకు జరిపాడు. కూర్చున్నాను. ఆయన జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు.

మొదట నోటికి వచ్చిన పేరు షణ్ముగం.

షణ్ముగం మంచి ఫైర్‌మన్. ముప్పై ఏళ్ళుంటాయి. మెత్తటి మనిషి, ఎవరినీ పల్లెత్తి ఒక మాట అనేవాడు కాదు. అతని భార్య సెల్లమ్మ పుట్టిల్లు కడంబత్తూరు అవతల ఒక పల్లెలో. ఆ పెళ్ళికి షెడ్డు తరఫున పోయిన పెద్దవాణ్ణి నేనే. సెల్లమ్మకు తండ్రి లేడని నన్ను ముందు వరసలో కూర్చోబెట్టారు. అప్పటినుంచీ షణ్ముగం నన్ను మామా అనేవాడు, ఆ పిల్ల నాయనా అనేది. ఇతను మెత్తటివాడు, నేను పిలిస్తే వచ్చేస్తాడు, డ్యూటీ ఎక్కుతాడు, అతనికీ మంచిదే అనుకున్నాను. అనుకున్నానని నాకు నేను చెప్పుకున్నాను.

రెండు జీపుల్లో పోయాం. పల్లెకు అర ఫర్లాంగు ఇవతల ఇటుకబట్టీ చాటున జీపులు ఆపారు. వెనక జీపులో పోలీసులు ఉన్నారు. "వాళ్ళెందుకు సార్?" అని అడిగాను. "నీ రక్షణకే పెరియవరే. సమ్మెవాళ్ళు నిన్ను కొడితే?" అన్నాడు ఆఫీసరు. ఆ జవాబు నాకు చాలింది. చిన్నపిల్లవాడు కూడా నమ్మని జవాబు, అరవై ఏళ్ళ నేను నమ్మినట్టు తలూపాను.

మధ్యాహ్నం రెండున్నర. వీధిలో కుక్క కూడా లేదు. కోటులో ఒళ్ళు ఉడికిపోతోంది. సెల్లమ్మ తిన్నెమీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. నన్ను చూసి ఒక్క క్షణం బిత్తరపోయింది, వెంటనే లేచి కొంగు సర్దుకుంది.

"ఏం నాయనా, ఈ ఎండలో! అమ్మ బాగుండాదా? కూర్చో, కూర్చో."

లోపలికి పోయి చెంబుతో మజ్జిగ తెచ్చింది, మా వైపు మోరు అంటాం. కరివేపాకు, అల్లం నలిపి వేసింది. నేను తాగాను. అంత చల్లటి మజ్జిగ ఆ వేసవిలో నేను తాగలేదు.

"షణ్ముగం లేడా?"

"లేడు నాయనా. సమ్మె మొదులుపెట్టినప్పటి నుంచీ రాలే. యాడుండాడో నాకే తెలీదు."

పెరట్లో తాడుమీద నీలం చొక్కా ఆరేసి ఉంది. ఫైర్‌మన్ల చొక్కా, మోచేతుల దగ్గర నిప్పురవ్వలకు చిల్లులు పడిన చొక్కా. ఇంకా నీళ్ళు కారుతోంది. నేను దాన్ని చూశాను, సెల్లమ్మ నన్ను చూసింది. నేను తిన్నె దిగి కిటికీవైపు నడిచాను.

"ఒక పిలుపు పిలిచి పోతానమ్మా. నా పద్ధతి నీకు తెలుసు గదా."

"వద్దు నాయనా" అంది సెల్లమ్మ.

మెల్లగా అంది. చేతిలో చింతపండు అట్లాగే ఉంది. ఇంకోసారి అంది, "వద్దు నాయనా, నీకు దండం పెడతా."

నేను కిటికీ దగ్గర నిలబడ్డాను.

"షణ్ముగో...! ఆరు డౌన్ గూడ్స్!"

"లేసినా మామా!"

మధ్యాహ్నపు నిద్రలోంచి వచ్చిన గొంతు. లోపల చాప కదిలిన చప్పుడైంది. షణ్ముగం లుంగీ బిగించుకుంటూ, కళ్ళు సగం మూసుకునే గడప దాటి వచ్చాడు. వచ్చి, అలవాటుగా, పెన్సిలుకోసం నావైపు చెయ్యి చాచాడు. అప్పుడు కళ్ళు పూర్తిగా తెరిచాడు. ఇటుకబట్టీ వైపునుంచి జీపులు వస్తున్నాయి.

ఆఫీసరు దిగి, "డ్యూటీకి వచ్చెయ్ షణ్ముగం. వస్తే ఏ గొడవా లేదు, జీపులో నేరుగా షెడ్డుకు పోదాం" అన్నాడు. నేను షణ్ముగం ముఖంలోకి చూశాను. రా నాయనా, వస్తానను, నన్ను కాపాడు అని నా మనసులో మొత్తుకున్నాను. షణ్ముగం సెల్లమ్మను చూశాడు, పెరట్లో చొక్కాను చూశాడు.

"రాను సార్" అన్నాడు.

మెత్తటివాడు అనుకున్నాను. పోలీసులు చెయ్యి పట్టుకుంటే విడిపించుకోను కూడా లేదు, తడి చొక్కా తెచ్చి తొడుక్కుని జీపెక్కాడు. సెల్లమ్మ తిన్నె దగ్గరికి వచ్చింది. నేను తాగిన చెంబు తీసుకుని, బోర్లించి, తిన్నెమీద పెట్టింది. తిరిగి పోయేటప్పుడు జీపుల్లో నాకు చోటు లేదన్నారు. బస్సు దొరికే రోడ్డుదాకా మూడు మైళ్ళు ఆ ఎండలో నడిచాను. ఆ తర్వాత నేను ఏ ఊరి పేరూ చెప్పలేదు, కాల్‌బుక్కు తిరిగి ఇచ్చేశాను. దాన్ని మంచితనం అని మాత్రం ఎవరూ అనుకోవద్దు. అప్పటికి నేను చేయాల్సింది చేసేశాను.

ఇంట్లో ఏమీ చెప్పలేదు. ఎండదెబ్బ తగిలిందని రెండురోజులు పడుకున్నాను. అలిమేలమ్మ గంజి కాచి ఇచ్చింది.

మే నెలాఖరుకు సమ్మె విరమించారు. జయరామన్ పొన్నేరి నుంచి వచ్చి భయపడుతూ షెడ్డుకు పోయాడు. గేటుదగ్గర అంటించిన లిస్టులో అతనితోపాటు చేరిన ఆరుగురు క్లీనర్ల పేర్లూ ఉన్నాయి. అతని పేరు లేదు. సాయంత్రం ఇంటికొచ్చి "ఎట్లనో తప్పిపోయింది నాయనా, దేవుడే కాపాడినాడు" అని చెప్పి, కొండకు పోయి దండం పెట్టుకుని వచ్చాడు. నేను ప్రసాదం తీసుకుని కళ్ళకద్దుకున్నాను. కానీ పదిరోజులు తిరిగేసరికి అతని ముఖం మారిపోయింది. షెడ్డులో ఎవరూ అతనితో మాట్లాడటం లేదు. టీ తాగడానికి పోతే బెంచీమీదినుంచి లేచిపోతున్నారు. ఎందుకని అడిగితే, "మీ నాయనను అడుగు" అంటున్నారు. నన్ను అడగడానికి అతనికి నోరు రాలేదు. అన్నం తింటూ నావైపు చూసి, మళ్ళీ కంచంలోకి చూసుకునేవాడు.

జూన్ నడుమ, ఆని నెల మొదట్లో, ఆదివారం పొద్దున, షణ్ముగం మా ఇంటికి వచ్చాడు.

జైల్లోంచి వచ్చి పదిరోజులైందట. ఉద్యోగంలోంచి తీసేశారు. మనిషి నల్లబడిపోయాడు, గడ్డం పెరిగింది. అలిమేలమ్మ అప్పళాల పీట పక్కకు జరిపి చాప వేసింది. జయరామన్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. తిడతాడు, నలుగుర్లో కాలరు పట్టుకుంటాడు అనుకున్నాను. పట్టుకుంటే బాగుండుననుకున్నాను. షణ్ముగం వంగి నా కాళ్ళకు దండం పెట్టాడు.

"నా వల్ల నీకు చెడ్డ మాట వచ్చింది మామా" అన్నాడు. "నువ్వే పట్టిచ్చినావని షెడ్డంతా అంటా ఉండారంట. నేను రాంగానే పోయి ఒక్కొక్కరికీ చెప్పినా. మామ డ్యూటీకి పిలిచినాడు, అది ఆయన పని. పోలీసోళ్ళు ఆయన్ని మోసం చేసి ఎనక వచ్చినారు. పలికింది నేను. నోరు మూసుకోని పండుకోనుంటే లేడని రాసుకోని పోయుంటాడు గదా. నా నోరే నాకు శత్రువు అయిపాయ."

నేను అతన్ని చాపమీద కూర్చోబెట్టాను.

"అందరూ నన్ను చూసి నగుతా ఉండారు మామా. పిలిస్తే పలికినోడు అని పేరు పెట్టినారు. కొందురైతే కావాలనే పలికినానని అంటా ఉండారు. సరి, పోనీ. దానికి నేను బాధపడలే." అంటూ షణ్ముగం గొంతు తగ్గించాడు. "సెల్లమ్మతోనే తగాదా. అది ఏమేమో చెప్తా ఉంది. మోరు తాగినాడు, చొక్కా చూసినాడు, నేను వద్దు వద్దు అని దండం పెట్టినా, అయినా పిలిచినాడు అంటాది. మా మామ అట్లాంటోడు కాదంటే ఏడుస్తాది. పదినాళ్ళుగా మాటల్లేవు. పుట్టింట్లోనే ఉండిపాయ. ఆడోళ్ళు ఆ గాబరాలో ఏందేందో చూసినామంటారు, నేను నమ్మలే. అయినా నీ నోటితో ఒక మాట విని పోదామని వచ్చినా. అది నిజంగా వద్దనిందా మామా?"

గదిలో అప్పళాల ఇంగువ వాసన. అలిమేలమ్మ కర్ర చేతిలో పట్టుకుని అట్లాగే ఉండిపోయింది. జయరామన్ గోడదగ్గరనుంచి ముందుకు వచ్చాడు. వాడి కళ్ళలో ఒక ఆశ ఉంది. ఏ జవాబుకోసం ఆ ఆశో నాకు తెలుసు. వాళ్ళ నాయన నిజం చెప్తాడని.

అవును షణ్ముగం, వద్దంది. రెండుసార్లు వద్దంది. నేను తెలిసే పిలిచాను. ఇంతే చెప్పాలి. ఇంత చిన్న మాట. నోటిదాకా వచ్చిందని అబద్ధం చెప్పను. రాలేదు.

"నాకు వినబడలే షణ్ముగం" అన్నాను. "ఆ ఎండకు చెవులు గుయ్యిమంటా ఉండె."

షణ్ముగం గట్టిగా ఊపిరి వదిలాడు. బరువు దించుకున్నవాడిలా నవ్వాడు. "నేను చెప్పలే? అదే చెప్పినా దానికి. నన్ను మన్నించు మామా, నిన్ను ఇట్ల అడిగేదానికి వచ్చినందుకు."

"పోనీలే, జరిగిందేదో జరిగిపాయ. మనసులో పెట్టుకోవద్దు" అన్నాను.

నేను అతన్ని మన్నించాను! నా ఉప్పు తిన్నవాడు కాదు, నేనే అతని ఇంటి మజ్జిగ తాగినవాణ్ణి. అతని ఉద్యోగం పోగొట్టి, అతని భార్యను అబద్ధాలకోరును చేసి, పెద్దమనిషిలా భుజంమీద చెయ్యి వేసి మన్నించాను. షణ్ముగం మళ్ళీ ఒకసారి దండం పెట్టి పోయాడు. పోతూ పోతూ జయరామన్‌తో, "మీ నాయన పటాలం మనిషిరా. ఆయన పేరు నిలబెట్టాల" అని చెప్పాడు.

అతను వీధి మలుపు తిరిగాడు. తర్వాత అలిమేలమ్మ ఒక్కటే అడిగింది.

"ఆ పిల్ల ఇచ్చిన మజ్జిగ తాగినావా?"

"తాగినా."

ఇంకేమీ అడగలేదు. పీట ముందుకు లాక్కుని మళ్ళీ అప్పళాలు ఒత్తడం మొదలుపెట్టింది. ఆ తర్వాత పదకొండేళ్ళు కాపురం చేశాం. అన్నం పెట్టింది, జ్వరం వస్తే కాళ్ళు పట్టింది, ఏ లోటూ చేయలేదు. కానీ ఇంటి విషయం ఏదైనా తేల్చాల్సి వస్తే నన్ను అడగడం ఆ రోజుతో మానేసింది.

జయరామన్ మాత్రం అడిగాడు. "లిస్టులో నా పేరు ఎందుకు లేదు నాయనా?"

నేను చెప్పలేదు. చెప్పనక్కరలేకపోయింది. ఉద్యోగం మానేస్తాడేమో అని భయపడ్డాను. మానలేదు. వాడికి ఆ ఉద్యోగం కావాలి, నాకు తెలుసు, వాడికీ తెలుసు. ఆ కావాలన్నదే వాణ్ణి కాల్చింది. ఆరునెలలకు గూడూరు వైపు బదిలీ అడిగి వెళ్ళిపోయాడు. ఉత్తరాలు వాళ్ళమ్మ పేరుకు రాసేవాడు. నీ వల్లే ఈ ఉద్యోగం అని నన్ను ఒక్కనాడూ అనలేదు, అంటే తిట్టినట్టే అవుతుందని వాడికి తెలుసు.

మూడేళ్ళకు ప్రభుత్వం మారి, సమ్మెలో తీసేసినవాళ్ళను మళ్ళీ తీసుకున్నారు. షణ్ముగం ఫైర్‌మన్‌గా చేరి ఇప్పుడు డ్రైవరయ్యాడు. ఆ మూడేళ్ళూ బట్టీలో ఇటుకలు మోశాడు, ఆ రోజు జీపులు దాక్కున్న బట్టీలోనే. సెల్లమ్మ కూడా ఎప్పుడో తిరిగి వచ్చి కాపురం చేసుకుంటోంది. ఎట్లా రాజీపడిందో నాకు తెలియదు. తాను విన్నది వినలేదని ఒప్పుకుని వచ్చిందో, ఒప్పుకోకుండానే వచ్చిందో. మొగుడు నమ్మని ఒక నిజాన్ని కడుపులో పెట్టుకుని, అతనికే వండి పెట్టడం ఎట్లా ఉంటుందో నాకు ఆలోచించడానికే సిగ్గుగా ఉంటుంది.

పోయి చెప్పేయొచ్చు కదా అనుకుంటారు. నాకిప్పుడు డెబ్భై రెండు. అలిమేలమ్మ పోయిన సంవత్సరం పోయింది. పోగొట్టుకోవడానికి నాదగ్గర ఏమీ లేదు, ఆ షణ్ముగం పెట్టే దండం తప్ప. తేలుకుట్టిన దొంగకు నొప్పి ఒక్కటే. నాకు నొప్పితోపాటు ఆ మర్యాద కూడా కావాలి. అదీ నా బతుకు.

నెలకొకసారైనా బజారువీధిలో ఎదురుపడతారు. ఎంత రద్దీగా ఉన్నా షణ్ముగం నన్ను చూడగానే సైకిలు దిగి, "బాగుండావా మామా" అని రెండు చేతులూ జోడించబోయి, హ్యాండిలు వదలలేక ఒక చేత్తోనే దండం పెడతాడు. వెనక క్యారియరు మీద కూర్చున్న సెల్లమ్మ దిగదు.